రొట్టె మీద ఒట్టు – పదకొండో భాగం

"నా కార్జంలో సగం కోసి తమ్ముడికి పెట్టండి" అని ఎర్గెష్ చొక్కా చెయ్యి పైకి మడిచి కూర్చున్న దగ్గర పోయిన వారం ఆగాం. ఇవాళే ఈ కథలోకి వచ్చినవాళ్ల కోసం రెండు మాటలు చెప్పి ముందుకు పోతాను.

కెంజెబెక్ కోష్‌బులాక్ ఊళ్లో సాతిబాల్డి ముసలాయనకు చిన్న కొడుకు. మా అలాయ్ లోయలో తండ్రి ఇల్లూ పొయ్యీ చిన్న కొడుక్కే దక్కుతాయి. అయినా నాలుగేళ్ల కింద, గుర్రాల పోటీలో ఊరంతా చూస్తుండగా జీను మీంచి జారి పడ్డాడని, కళ్లు పచ్చబడి కాళ్లు తడబడుతున్నాయని, "నా గడపలో తాగుబోతుకు చోటు లేదు" అంటూ ముసలాయన అతన్ని కొరడాతో కొట్టి వెళ్లగొట్టాడు. ఆనాటి నుంచి ఆ కొడుకు పేరు ఆయన నోట రాలేదు. కెంజెబెక్ భార్య గుల్‌బార్చిన్‌తో కలిసి ఊరి చివర చక్రాల బండి ఇంట్లో కాపురం పెట్టాడు. ఇప్పుడు పొట్ట ఉబ్బి, ఒళ్లంతా పసుపు పూసినట్టయి, గోకి గోకి చర్మం పుండ్లు పడి ఊరి ఆసుపత్రిలో ఉన్నాడు. పరాయి దేశపు సర్జన్లు మూడు రోజులే ఓష్ నగరంలో ఉంటారు. ఆ లోపు కార్జం, అంటే కాలేయం, ఇచ్చే మనిషి దొరికితే బతుకుతాడు. అన్న ఎర్గెష్ ఇస్తానన్నాడు.

ఆ సోమవారం పొద్దున ఓష్ నుంచి వచ్చిన కవరును ల్యాబులో చింపింది ఎల్నూరా. ఆ ఆసుపత్రిలో ఎనిమిదేళ్లుగా రక్తపరీక్షలు చేసేది ఆవిడే. కవరులో రెండు కాగితాలున్నాయి. మొదటిది చదివి నిలబడే ఉంది. రెండోది చదివి స్టూలు మీద కూలబడింది. మళ్లీ చదివింది. తర్వాత దాన్ని నాలుగు మడతలు పెట్టి తెల్లకోటు జేబులో వేసుకుంది. సరిగ్గా అప్పుడే తలుపు తట్టకుండా సాతిబాల్డి లోపలికి వచ్చాడు.

అరవై ఏడేళ్ల మనిషి. ఇంకా జీను మీద కడ్డీలా కూర్చుంటాడు. తల మీద నక్క తోలు టోపీ, చేతిలో కొరడా.

"కోడలు పిల్లా, డాక్టరమ్మ ఎక్కడ?"

ఎల్నూరా ఆ ఊరికి కోడలై వచ్చింది కాబట్టి ఊళ్లో పెద్దలందరికీ కోడలే.

"ఎర్గెష్ బావగారికి స్కానింగ్ చేస్తున్నారు మావయ్యా. కూర్చోండి."

"కూర్చోడానికి రాలేదు. నా పెద్దకొడుకు ఒంటి మీద కత్తి పెట్టడానికి వీల్లేదని చెప్పి పోదామని వచ్చా. కుళ్లిపోయిన దాని కోసం మంచి దాన్ని కోస్తామంటే ఏ గొర్రెలకాపరీ ఒప్పుకోడు."

"కుళ్లిందని ఎవరు చెప్పారు మీకు?"

"ఎవరో చెప్పాలా? నాకు కళ్లు లేవా? నాలుగేళ్లు సారా పోసి కడిగితే కార్జం కుళ్లక పూలు పూస్తుందా? ఇదే ఆసుపత్రిలో, ఇదే గదిలో రాసిచ్చారు కదా, తాగుడు వల్ల అని!"

ఎల్నూరా ముఖం మీద ఎవరో చెంపదెబ్బ వేసినట్టయింది. ఆ మాట రాసింది తన చెయ్యే. మూడేళ్ల కింద, ఇప్పుడు బదిలీ అయి పోయిన పాత డాక్టరు కెంజెబెక్ కళ్లలోకి ఒక్కసారి చూసి, "తాగుడు అని రాయమ్మా" అన్నాడు. ఆవిడ రాసింది. సీసా పట్టుకున్న చెయ్యి ఎవరైనా చూశారా అని అడగలేదు. రక్తాన్ని అడగలేదు. ఇంటికెళ్లి మొగుడితో నవ్వుతూ చెప్పింది కూడా.

"మావయ్యా, ఆ మాట తప్పు," అంది. "రాసింది నేనే. తప్పు రాశాను."

ముసలాయన కొరడా పిడిని అరచేతిలో తట్టుకుంటూ చూశాడు.

"అంటే?"

"కెంజెబెక్ బావ తాగలేదు. ఆయన రక్తం నెలరోజులుగా నా చేతిలో ఉంది. తాగేవాళ్ల రక్తంలో ఎర్రకణాలు ఉబ్బి పెద్దవవుతాయి. ఈయనవి మామూలు సైజులోనే ఉన్నాయి, కాకపోతే సగానికి పడిపోయాయి. పైత్యరసం పోయే దారి మూసుకుపోతే రక్తంలో ఒక లెక్క పెరుగుతుంది. అది ఈయనకు ఎనిమిది రెట్లుంది. అందుకే ఆ పచ్చదనం, ఆ దురద. కార్జం తయారుచేయాల్సిన మాంసకృత్తు తయారుచేయడం లేదు. అందుకే కాళ్లలో, పొట్టలో నీరు. ఒంట్లోకి పరాయి ప్రాణి దూరితే పెరిగే తెల్లకణాలు రెట్టింపయ్యాయి. అప్పుడే అనుమానం వచ్చి ఓష్‌కు పంపాను. ఇదిగో."

మొదటి కాగితం ముందు పెట్టింది. ముసలాయన దాన్ని తాకలేదు.

"చదివి చెప్పు."

"పురుగు. కార్జంలో పురుగు పిల్ల పెరుగుతోంది. పది పన్నెండేళ్లుగా."

"పురుగా?" ముసలాయన నవ్వాడు. "మా గొర్రెలకు పట్టేదా? నీటిబుడగల్లా వస్తాయే, అదా?"

"దాని చుట్టం. దానికన్నా పాపిష్టిది. అది బుడగలా ఒకచోట కూర్చుంటుంది. ఇది వేరులా పాకుతుంది. స్కానింగులో చూస్తే కార్జం మీద వడగళ్లు పడ్డట్టుంది. సంవత్సరాల తరబడి నొప్పి కూడా తెలియనివ్వదు. తెలిసే సరికి లోపల సగం తినేసి ఉంటుంది. ఆ గుర్రాల పోటీనాడు ఆయన తాగి పడలేదు మావయ్యా. పైత్యపు దారి చీముపట్టి జ్వరంతో వణికి పడ్డాడు."

సాతిబాల్డి నెమ్మదిగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కొరడా మోకాళ్ల మీద అడ్డంగా పెట్టుకున్నాడు.

"నేను కొట్టాను వాణ్ణి," అన్నాడు. "జ్వరంతో ఉన్నవాణ్ణి. జనం ముందు."

ఎల్నూరా నీళ్ల గ్లాసు ఆయన ముందు పెట్టింది.

"ఎక్కణ్ణుంచి వచ్చింది ఈ పురుగు? నీళ్లలోంచా? మాంసంలోంచా?"

చెప్పకుండా ఉంటే బాగుండు అనిపించింది ఆవిడకు. కాని ఒకసారి చెప్పకూడనిది రాసింది, ఇప్పుడు చెప్పాల్సింది దాస్తే ఇక ఈ కోటు వేసుకోవడం దేనికి?

"నక్కల్లోంచి. పొలం ఎలుకల్ని తినే కుక్కల్లోంచి కూడా. వాటి పేగుల్లో పెద్ద పురుగు ఉంటుంది. దాని గుడ్లు పెంటలో వచ్చి బొచ్చుకు అంటుకుంటాయి. కంటికి కనిపించవు. తోలు ఒలిచిన చేత్తో రొట్టె తుంచితే చాలు."

సాతిబాల్డి చెయ్యి తలమీదికి పోయింది. టోపీ తీశాడు. ఎర్రటి నక్క తోలు, లోపల గొర్రె ఉన్ని. నలభై చలికాలాలు ఆ మనిషి వేటకుక్కలతో కొండ మీద నక్కల్ని తరిమాడు. అలాయ్ లోయలో ఆయన తోలు ఒలిస్తే కత్తిగాటు కనిపించదని పేరు. ఆ టోపీని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు గాలిలో పట్టుకుని, చివరికి నేల మీద పెట్టాడు.

"వెనక కాళ్లు వాడే పట్టుకునేవాడు," అన్నాడు. ఎల్నూరాతో చెబుతున్నట్టు లేదు. "ఏడేళ్లప్పటి నుంచీ. నేను ఒలుస్తుంటే వెనక కాళ్లు గట్టిగా పట్టుకో, కదలనివ్వకు అనేవాణ్ణి. మంచులో చేతులు కొంకర్లు పోతే నోట్లో పెట్టుకుని ఊదుకునేవాడు. నేనే చెప్పాను అలా చెయ్యమని. వెచ్చబడతాయి అని."

అప్పుడే స్కానింగ్ గది తలుపు తెరుచుకుంది. డాక్టర్ జూరా వచ్చింది. పొట్టిగా, లావుగా, ఎప్పుడూ ఏదో ఒకదాని మీద విసుక్కుంటూ ఉండే మనిషి. ఇవాళ విసుగు లేదు. ఆవిడ వెనకే ఎర్గెష్. చొక్కా గుండీలు ఒకదానికి బదులు ఇంకొకదానికి పెట్టుకున్నాడు.

"పెద్దాయన వచ్చారా! మంచిదే అయింది," అంది డాక్టరు.

"డాక్టరమ్మా," ముసలాయన లేచాడు. "ఇందాక వద్దని చెప్పడానికి వచ్చాను. ఇప్పుడు వద్దనను. కొయ్యండి. వీడిది సగం తీసి వాడికి పెట్టండి. ఎర్గెష్, నాయనా, నీ కాళ్లు పట్టుకుంటాను..."

"నాన్నా, ఆగు," అన్నాడు ఎర్గెష్.

"ఎర్గెష్‌ది పనికిరాదు పెద్దాయనా," అంది జూరా.

"రక్తం కలవలేదా?"

"రక్తం కలిసింది. కార్జంలో మచ్చ ఉంది. అక్రోటు కాయంత. తమ్ముడికి ఉన్నదే అన్నకూ ఉంది."

ఎల్నూరా బల్ల అంచు పట్టుకుంది. ఎర్గెష్! చలికాలంలో రెండు గొర్రెపోతుల్ని రెండు చంకల్లో పెట్టుకుని వాగు దాటే మనిషి! ఆరేడు బస్తాల పిండి దింపి కూడా రొప్పు రాని మనిషి! నిన్న ఆవిడ తీసిన అతని రక్తంలో ఏ లెక్కా తప్పలేదు. మహా అయితే ఆ తెల్లకణాలు ఒక పిసరు ఎక్కువ. కొండగాలికి వచ్చే జలుబు అనుకుని పక్కన పెట్టింది.

"భయపడకండి, చిన్నది. కోసి తీసేస్తారు, రెండేళ్లు మందు వేసుకుంటే బతుకంతా బతుకుతాడు," జూరా త్వరత్వరగా అంది. "ఇప్పుడు దొరకబట్టి సరిపోయింది. ఇంకో నాలుగేళ్లు ఆగి ఉంటే తమ్ముడి మంచం పక్కనే మంచం వెయ్యాల్సి వచ్చేది."

"అయితే నాది తీసుకోండి," అన్నాడు సాతిబాల్డి. చొక్కా అప్పటికే విప్పేస్తున్నాడు.

"మీ వయసుకు తీసుకోరు."

"ముందు చూడవమ్మా! చూడకుండా చెప్పకు!"

జూరా వాదించలేదు. స్కానింగ్ బల్ల మీద పడుకోబెట్టింది. చల్లటి జిగురు రాసి, ఆ ఎముకల పక్కల మీద యంత్రం జరిపింది. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి ఊపిరి బిగబట్టించి. ఎల్నూరా తెర వైపు చూస్తూ నిలబడింది. మబ్బులేని ఆకాశంలా ఉంది.

"మీకేం లేదు," అంది జూరా. "ఒక్క చుక్క కూడా లేదు. కొందరి ఒంట్లో ఆ గుడ్డు మొలకెత్తదు. ఎందుకో పెద్ద చదువులు చదివినవాళ్లకే సరిగ్గా తెలియదు."

సాతిబాల్డి బల్ల మీదే పడుకుని పైకప్పు చూశాడు.

"వెయ్యి నక్కల్ని ఒలిచినవాణ్ణి నేను. ఆ చేతుల్తోనే తిన్నాను. నాకు లేదా? పట్టుకోమంటే కాళ్లు పట్టుకున్నవాళ్లకు వచ్చి, కత్తి పట్టినవాడికి రాలేదా?"

ఎర్గెష్ వచ్చి తండ్రిని భుజం కింద పట్టి లేపాడు.

ఆ సమయంలోనే వార్డు వైపు తలుపు దగ్గర చప్పుడైంది. గుల్‌బార్చిన్ భుజం మీద చెయ్యి వేసుకుని కెంజెబెక్ నిలబడి ఉన్నాడు. ముప్పై ఎనిమిదేళ్లవాడు తండ్రి కన్నా ముసలిగా ఉన్నాడు. చేతులు పుల్లలు, పొట్ట కడవ, కళ్లు మాత్రం ఎండిన ఆకురంగు. వార్డు గోడలు పల్చన కాబట్టి అంతా విన్నాడు.

"అన్నయ్యకు కూడానా?" అన్నాడు. ఆ ఒక్క మాటే మూడుసార్లు అన్నాడు. "అన్నయ్యకు కూడానా?"

సాతిబాల్డి అతని వైపు నడిచాడు. నాలుగేళ్ల తర్వాత కొడుకుకు ఎదురుగా నిలబడ్డాడు. మోకాళ్లు వంగుతుంటే గుల్‌బార్చిన్ హడలిపోయి, "మావయ్యా, తప్పు, అలా చెయ్యకండి" అని అడ్డం పడింది.

"నువ్వు చుక్క ముట్టలేదని ఎందుకు చెప్పలేదురా?" అన్నాడు ముసలాయన. "గట్టిగా ఒక్కసారి అరిచి చెప్తే..."

"చెప్పాను నాన్నా. రెండుసార్లు."

"పది సార్లు చెప్పాల్సింది! నా కొరడా లాక్కుని నన్ను కొట్టి చెప్పాల్సింది! నీకూ తెలియదు, నాకూ తెలియదు, ఈ పురుగు..."

ఎల్నూరా చెయ్యి జేబులోకి పోయింది. నాలుగు మడతల కాగితం వేళ్లకు తగిలింది. అందరి ముందూ తీయాలా? తీయకపోతే ఇంకెప్పుడు?

"ఆయనకు తెలుసు మావయ్యా," అంది.

గుల్‌బార్చిన్ గిరుక్కున తిరిగింది. "ఎవరికి తెలుసు?"

"ఓష్ వాళ్లు రాశారు. ఈ రోగి రక్తం నాలుగేళ్ల కిందే మా దగ్గర పరీక్ష చేశాం, అప్పుడే ఈ పురుగు ఉందని తేలింది, రోగికి విడమరిచి చెప్పాం, ఇంట్లో అందర్నీ తీసుకురమ్మన్నాం, ఎవరూ రాలేదు ఎందుకని, అని." కాగితం విప్పి బల్ల మీద పెట్టింది. "కింద ఆయన సంతకం కూడా పంపారు."

కెంజెబెక్ గోడకు ఆనుకున్నాడు.

"నీకు తెలుసా?" గుల్‌బార్చిన్ భర్త వైపు తిరిగింది. "నీ దిండు కింద ఆ తెల్ల మాత్రలు... కీళ్లనొప్పులకు అన్నావు కదా?"

"రెండేళ్లు వేసుకున్నాను. ఆ తర్వాతి చలికాలం కొండదారి మంచుతో మూసుకుపోయి మందు రాలేదు. తర్వాత మళ్లీ మొదలెట్టలేదు."

"తాగుబోతు పెళ్లాం అని నన్ను బావి దగ్గర ఆడవాళ్లు ఎన్ని అన్నారు! మా అమ్మ వచ్చి నన్ను తీసుకుపోతానంది! నోరు విప్పకుండా పడుకున్నావు కదయ్యా! ఎందుకు?"

కెంజెబెక్ తండ్రి వైపు చూడలేదు. అన్న వైపు చూడలేదు. నేల మీద ఉన్న నక్క తోలు టోపీ వైపు చూస్తూ మాట్లాడాడు.

"అమ్మ కోసం."

"అమ్మా?" అన్నాడు ఎర్గెష్. "అమ్మ పోయి ఆరేళ్లయింది."

"అమ్మకు వచ్చిందీ ఇదే. మీరంతా అనుకున్నట్టు గడ్డ కాదు. క్యాన్సరు కాదు. ఓష్‌లో అమ్మ పక్కన ఉన్నది నేనే కదా, డాక్టరు మా ఇద్దరికీ చెప్పాడు. మీ ఇంట్లో నక్క తోళ్లు ఎవరు గీరతారు అని అడిగాడు. అమ్మ నవ్వింది. టోపీలన్నీ కుట్టింది నేనే అంది. ఆ సాయంత్రం దిండు పక్కనున్న రొట్టె తీసి నా చేతిలో పెట్టి, దాని మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టమంది. మీ నాన్నకు చెప్పకు, తన చేతుల్తో నన్ను చంపుకున్నానని తెలిస్తే ఆ మనిషి ఒక్క రోజు బతకడు అంది. తర్వాత నాకు కళ్లు పచ్చబడ్డాయి. నాది చెబితే అమ్మది బయటపడుతుంది. తాగుబోతు అన్నారు. రెండుసార్లు కాదన్నాక, ఇక అననీ అనుకున్నాను. ఆ మాటకు నాన్న కోపంతో బతుకుతాడు. నిజానికైతే చచ్చిపోతాడు."

రొట్టె మీద ఒట్టు మా దగ్గర చిన్న మాట కాదు. కింద పడ్డ ముక్కను కూడా తీసి నుదుటికి తాకించుకుని ఎత్తులో పెట్టే జాతి మాది.

అయినా తప్పు పట్టింది ఎర్గెషే.

"నేను ఎద్దులా ఉన్నాననుకున్నావు కదా?"

"అవును అన్నయ్యా. నీకేం కాదనుకున్నాను."

"నాలుగేళ్లు!" ఎర్గెష్ గొంతు పెంచలేదు. "నువ్వు మంచివాడివి రా తమ్ముడూ. నీ అంత మంచివాడు ఈ లోయలో లేడు. నీ మంచితనం నా కార్జంలో నాలుగేళ్లు పెరిగింది." ఇంకేదో అనబోయి ఆగాడు. ముఖంలో రంగు దిగిపోయింది. డాక్టరు వైపు తిరిగాడు. "డాక్టరమ్మా, ఇది మొదట్లో ఎలా ఉంటుంది? కుడి డొక్కలో బరువుగా ఉంటుందా? రాయి పెట్టినట్టు?"

"ఉండొచ్చు. నీకు అలా ఉందా?"

"నాకు లేదు. తింటూ తింటూ సగంలో వదిలేస్తారా? బట్టలు వదులవుతాయా?"

"ఎవరి గురించి అడుగుతున్నావు ఎర్గెష్?"

"నా కూతురు. అయిజాదా." అతను గోడ వైపు తిరిగి అరచేత్తో గోడను ఒకసారి గట్టిగా కొట్టాడు. "ఇరవై ఏళ్లది. ఏడాదిగా అంటోంది. పెళ్లి మాట ఎత్తుతున్నారని వేషాలు వేస్తోందని వాళ్లమ్మ తిట్టింది. ఇప్పుడు కొండ మీద పై మేతల్లో గుర్రాల మంద దగ్గరుంది."

పై మేతల్లో ఫోను పలకదు. పోను ఒక రోజు, రాను ఒక రోజు. సర్జన్లు ఓష్‌లో ఉండేది మూడు రోజులు.

సాతిబాల్డి వంగి కొరడా తీసుకున్నాడు. టోపీ తీసుకోలేదు. నడుం కట్టు బిగించుకుని తలుపు దాకా పోయి, వెనక్కి తిరిగి, గోడకు ఆనుకున్న కొడుకు దగ్గరికి వచ్చాడు. కాయలు కాచిన ఆ చేతిని కెంజెబెక్ చెంప మీద పెట్టబోయి, ఆ చెయ్యి వైపు ఒకసారి చూసుకుని, వెనక్కి లాక్కున్నాడు.

కెంజెబెక్ ఆ చేతిని పట్టుకుని తనే చెంపకు ఆనించుకున్నాడు.

"మన ఇంటి పొయ్యి ఆర్పకుండా ఉంచు," అన్నాడు ముసలాయన. "నీ ఇల్లు అది. నేను అయిజాదాను తీసుకొస్తాను."

"నాన్నా, పిల్లను భయపెట్టకు," అన్నాడు ఎర్గెష్. "ఏదో సంబంధం చూడ్డానికి రమ్మన్నారని చెప్పు."

"వద్దు," అన్నాడు సాతిబాల్డి. "ఈ ఇంట్లో దాచింది చాలు. దానికి ఏం వచ్చిందో చెప్తాను. ఎవరి వల్ల వచ్చిందో కూడా నేనే చెప్తాను."

బయట గుర్రం డెక్కల చప్పుడు వంతెన దాటేదాకా వినిపించింది. ఎర్గెష్ వచ్చి తమ్ముడి రెండో భుజం కింద చెయ్యి వేశాడు. అన్నదమ్ముల కోపాలూ మొగుడూ పెళ్లాల కోపాలూ అన్నీ తర్వాత చూసుకోవచ్చు. ముందు మంచం దాకా నడిపించాలి.

"ఎల్నూరా, కెంజెబెక్ రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూడు," అంది జూరా లోగొంతుతో. "ఎవరో ఒకరు ఇచ్చేవాళ్లు దొరుకుతారనే అనుకుందాం. గుల్‌బార్చిన్‌ది చూస్తాను. బంధువుల్లో ఇంకెవరిదైనా చూస్తాను. కాని కత్తి పెట్టాలంటే ముందు అది తెలియాలి."

ఎల్నూరా వార్డులో అతని చెయ్యి పట్టి సూది గుచ్చింది. "నొప్పిగా ఉందా బావా?" అంది. "ఇవాళ ఏదీ నొప్పిగా లేదు" అన్నాడు కెంజెబెక్ కళ్లు మూసుకుని. పెదవుల మీద నవ్వులాంటిది ఉంది. ఎన్నేళ్లకో బరువు దింపుకున్నవాడి ముఖం.

గొట్టం తెచ్చి ల్యాబులో కిటికీ వెలుతురుకు పెట్టింది. గడియారం చూసింది. మామూలు మనిషి నెత్తురు పది నిమిషాల్లోపు గడ్డకడుతుంది. పది నిమిషాలకు గొట్టం వంచి చూసింది. పదిహేనుకు వంచి చూసింది. ఇరవైకి మళ్లీ వంచి చూసింది.

ముప్పై నిమిషాలకు డాక్టర్ జూరా తలుపు తీసి, "ఏమైంది?" అని అడిగింది.

ఎల్నూరా గొట్టాన్ని ఆవిడ ముందు పక్కకు వంచింది. కెంజెబెక్ నెత్తురు ఇంకా నీళ్లలా ఆ చివరి దాకా పారింది. అదే సమయానికి వార్డులోంచి గుల్‌బార్చిన్ కేక వినిపించింది.

"డాక్టరమ్మా, సూది గుచ్చిన చోట ఆగడం లేదు!"